ఎర్ర జెండా ముందు ఒంటికాలి మీద

పదవీ విరమణకు ఏడాది ఉందనగా, ఏప్రిల్ మొదటి వారంలో, ఇన్‌స్టిట్యూట్ హాలు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నేను ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో చీఫ్ స్టాఫ్ అండ్ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌ని. పేరు పొడుగే గానీ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఉద్యోగి ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగే మనిషి. ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి కాగితాలు పూర్తి చేయించాలి, పిల్లల స్కాలర్‌షిప్పులు చూడాలి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని పలకరించాలి, కాలనీలో ఇద్దరు తగాదా పడితే మధ్యలో నిలబడాలి. సిబ్బంది వ్యవహారాలు చూసే మా పర్సనెల్ బ్రాంచిలో మిగతావాళ్ళు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాన్ని నేను చెప్పులరిగేలా తిరిగి చేశాను. అందుకు నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను.

ఇన్‌స్టిట్యూట్ అనగానే బయటివాళ్ళు చదువులు చెప్పే చోటు అనుకుంటారు. రైల్వే కాలనీలో ఇన్‌స్టిట్యూట్ అంటే సిబ్బంది క్లబ్బు. క్యారమ్ బోర్డులు, బ్యాడ్మింటన్ కోర్టు, పండగలకి నాటకాలు, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు. మా నాన్న స్టీమింజన్ల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాబట్టి ఆ హాల్లో చిన్నప్పుడు పరుగులు పెట్టాను, పెద్దయ్యాక పెళ్ళి భోజనాలు తిన్నాను, నా పెళ్ళి భోజనంతో సహా. ఆ హాలు గోడని ఆనుకునే రన్నింగ్ రూమ్ ఉంది. బయటి ఊళ్ళ నుంచి బండ్లు నడుపుకొచ్చిన లోకో పైలట్లు, గార్డులు తిరుగు ప్రయాణం దాకా తిని పడుకునే చోటు అది. గార్డుని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ నాకు నోరు తిరగదు, గార్డు అనే రాస్తాను.

ఫైల్లో సంగతి చిన్నదే. రన్నింగ్ రూమ్‌కి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఒక కాగితం పెట్టాడు. పక్క హాల్లో పొద్దున్నే ఆడవాళ్ళు యోగా పేరుతో గుమిగూడుతున్నారని, ఆ గోలకి సిబ్బంది నిద్ర చెడే ప్రమాదం ఉందని, కాబట్టి హాలు వాళ్ళకి ఇవ్వడం ఆపాలని రాశాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. నిద్ర చాలని లోకో పైలట్ ఒక్క క్షణం రెప్ప వాలిస్తే వెనకున్న బండి మొత్తానికి ముప్పు. రైల్వేలో నిద్ర అన్న మాట ఫైల్లో కనపడితే ఎంత పెద్ద ఆఫీసరైనా నిటారుగా కూర్చుంటాడు. విచారించి నివేదిక ఇవ్వమని నాకు ఆదేశం.

మర్నాడు పొద్దున్నే హాలుకి వెళ్ళాను. తరగతి నడిపే మనిషి నూకరత్నం, గూడ్సు గార్డుగా రిటైరైన అప్పారావుగారి భార్య. మాదీ వాళ్ళదీ ఒకే వైపు కాబట్టి నన్ను వదినా అంటుంది. మోకాళ్ళ నొప్పులకి రైల్వే ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పితే, ఇంటికొచ్చి వాటిని ఇరుగుపొరుగువాళ్ళకి నేర్పడంతో ఆవిడ మొదలుపెట్టింది. తర్వాత పద్ధతిగా యోగా శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. నేను వెళ్ళేసరికి హాలు నిండిపోయి ఉంది. లోకో పైలట్ల భార్యలు, గార్డుల భార్యలు, టికెట్ కౌంటర్‌లో పనిచేసే ఇద్దరు, పక్కనే ఉన్న లింగియాడీహ్ నుంచి సైకిళ్ళ మీద వచ్చిన ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కొందరు. కొందరు చీరల్లో, కొందరు సల్వార్లలో, ఒకావిడైతే కొడుకు ట్రాక్ ప్యాంటులో. అంతమంది ఉన్న చోట మాట లేదు. చాపలు పరిచిన చప్పుడు కూడా లేదు.

ఇది అర్థం కావాలంటే మా ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. బండ్లు నడిపేవాళ్ళకి పగలూ రాత్రీ తేడా ఉండదు. డ్యూటీకి రమ్మని వచ్చే కబురుని 'కాల్' అంటారు. ఒకప్పుడు కాల్‌మన్ సైకిలేసుకొచ్చి తలుపు కొట్టేవాడు, ఇప్పుడు ఫోను మోగుతుంది. అది ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి, ఇంట్లో మగమనిషి వీలు చిక్కినప్పుడల్లా నిద్రపోవాలి, మిగతావాళ్ళు ఆ నిద్రని కాపాడాలి. రెండు గదుల క్వార్టర్‌లో ఇదేం సామాన్యమైన విద్య కాదు. కుక్కర్ కూత వెయ్యబోతుండగానే గరిటెతో విజిల్ ఎత్తిపడతారు. గాజులు మోచేతి దాకా తోసుకుని గిన్నెలు తోముతారు. కాలింగ్ బెల్లు తీగ పీకేస్తారు. పిల్లలు సైగలతో దెబ్బలాడుకుంటారు. మా అమ్మ నన్ను తిట్టిన తిట్లలో సగం కళ్ళతో తిట్టినవే.

ఆ విద్యనే నూకరత్నం హాల్లోకి తెచ్చింది. నోటితో లెక్క పెట్టదు. గోల్ బజార్‌లో గుడ్డ కొని ఇంట్లోనే కుట్టుకున్న రెండు జెండాలు చేత పట్టుకుంటుంది. పచ్చది ఊపితే తర్వాతి ఆసనంలోకి వెళ్ళాలి. ఎర్రది చాపితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగి, ఊపిరి మామూలుగా తీసుకుంటూ ఉండాలి. మళ్ళీ పచ్చ జెండా కనపడేదాకా కదలకూడదు. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో తూలేవాళ్ళు పక్కమనిషి భుజం మీద చెయ్యి వేసుకోవచ్చు గానీ కాలు మాత్రం దించకూడదు. ఈ నియమం నుంచి ఆవిడ ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

ఓంకారం కూడా పెదాలు మూసుకుని లోపలే. చివర్లో నవ్వు యోగా ఉంటుంది. మొదటిసారి చూసి హడలిపోయాను. హాలు నిండా ఆడవాళ్ళు నోళ్ళు బార్లా తెరిచి, భుజాలు కుదుపుకుంటూ, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతున్నారు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. టీవీలో సౌండ్ తీసేసి హాస్యం చూస్తున్నట్టుంది.

తరగతి అయ్యాక మెట్ల మీద కూర్చుని ఫైలు సంగతి చెప్పాను. నూకరత్నం ముఖం మాడిపోయింది. ఆవిడ కోపం సూపర్‌వైజర్ మీద కాదు, ఆ అనుమానం మీద.

"గోడవతల పడుకున్నోడు మావోడు కాకపోతే ఇంకోలి మొగుడు. ఆడి నిద్ర సెడగొట్టి మేం సేతులెత్తుతామేటి వదినా? నిద్దరంటే ఏటో మాకు కాక ఎవులికి తెలుస్తాది?" అంది.

ఆ పక్కన కల్పన అనే అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. అసిస్టెంట్ లోకో పైలట్ భార్య, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు చదవడం రాదు, మాట్లాడేటప్పుడు సగం హిందీలోకి జారిపోతుంది. ఒళ్ళో ఏడాది నిండని పాప. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఆంటీ, ఘర్ మే సాంస్ భీ ధీరే లేనా పడ్తా హై. ఇక్కడొక్కచోటే నేను ఫుల్‌గా తీసుకునేది. హాలు లేకపోతే ఎక్కడికెళ్ళాలి?" అంది. ఇంట్లో ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలట. ఏడుపు గొంతుతో కాదు, ధర అడిగినంత మామూలుగా అడిగింది. నాకు నిజంగా బాధేసింది.

వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ బాధపడితే ఫైలు కదలదు, కాబట్టి మా పద్ధతి ప్రకారం రెండో వైపు కూడా చూశాను. తరగతి జరిగే వేళకి రన్నింగ్ రూమ్‌కి వెళ్ళి, హాలు గోడకి ఆనుకున్న గదిలో ఖాళీ మంచం మీద కూర్చున్నాను. గోడ వైపు చెవి పెట్టి విన్నాను. వినపడిందల్లా పక్క మంచం మీద గురక. ఆ వారంలో ఇంకోసారి వెళ్ళినా అదే గురక, కాకపోతే ఇంకొకరిది. బయట తలుపు దగ్గర నిలబడ్డ సూపర్‌వైజర్‌ని అడిగితే, తను కూడా ఎప్పుడూ వినలేదనీ, ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళడం చూసి ముందు జాగ్రత్తగా రాశాననీ ఒప్పుకున్నాడు. మంచి కుర్రాడే. నేను నివేదిక రాశాను: రెండుసార్లు స్వయంగా కూర్చుని విన్నాను, హాలు నుంచి ఏ శబ్దమూ రాలేదు.

మా ఆఫీసర్ దాన్ని చదివి కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఉత్తరప్రదేశ్ మనిషి, మర్యాదస్తుడు, ఇంట్లో ఇద్దరు అక్కలు, ముగ్గురు కూతుళ్ళు. "మేడమ్, అంతమంది ఆడవాళ్ళు ఒక గదిలో ఉన్నారు, శబ్దం రాలేదు అంటున్నారు. ఈ కాగితం మీద నేను సంతకం పెట్టి పైకి పంపితే పైవాళ్ళు నన్ను ఏమనుకుంటారు?" అని హిందీలో అడిగారు. ఒళ్ళు మండింది గానీ, ఆయన ఇంటి లెక్కన చూస్తే ఆయన అనుమానానికి ఆధారం ఉంది. చివరికి ఒక దారి చెప్పారు. జూన్ ఇరవై ఒకటిన యోగా దినానికి ప్రధాన కార్యాలయం నుంచి పెద్ద సాబ్ వస్తున్నారు. ఆయనే చూస్తారు, ఆయనే తేలుస్తారు.

వినడానికి బాగానే ఉంది. తర్వాత కార్యక్రమం వివరాలతో ఆదేశం వచ్చింది, అక్కడే చిక్కొచ్చి పడింది. ఇన్‌స్టిట్యూట్ మైదానంలో మహిళల ప్రదర్శన, అందరూ తెల్ల దుస్తుల్లో, మైకులో సూచనలు, ముక్తకంఠంతో ఓంకారం. అంటే మా ఆడవాళ్ళు గొంతెత్తితే, ఇంత గోల చేసేవాళ్ళు రన్నింగ్ రూమ్ పక్కన ఉండకూడదని తేలిపోతుంది. గొంతెత్తకపోతే ఆదేశం పాటించలేదని, ప్రదర్శన చప్పగా ఉందని తేలుతుంది. ఎటు చూసినా పోయేది హాలే.

నూకరత్నం ముందు ఆదేశాన్నే పాటించి చూసింది. మైదానంలో రిహార్సల్ పెట్టి, "ఈ పాలి గట్టిగా అనీయండమ్మా, ఇక్కడ పడుకున్నోలెవులూ లేరు," అంది. అందరూ గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. బయటికొచ్చింది సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినంత శబ్దం. మళ్ళీ అన్నారు, మళ్ళీ అంతే. అలవాటు లేదు, రాదు. లింగియాడీహ్ ఆడవాళ్ళు మొదట గట్టిగానే అనబోయారు గానీ, చుట్టూ చూసి వాళ్ళూ తగ్గారు. నూకరత్నం జెండాలు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"వదినా, రానిది సేసి పరువు తీసుకోడం కన్నా వొచ్చింది సేసి ఊరుకుంటాం. ఆ పైన ఆ పెద్దాయన దయ."

నేను ఆ మాటే ఆఫీసర్ గదిలోకి మోసుకెళ్ళాను. ఆయన కాసేపు పెన్ను తిప్పారు. సూచనలకి మైకు వద్దు సరే గానీ, పెద్ద సాబ్ మాట్లాడడానికి మైకు ఉండి తీరాలన్నారు. ప్రోటోకాల్ అంటే అంతే, పెద్దవాళ్ళకి గొంతు ఉన్నా లేకపోయినా మైకు ఉండాలి.

ముందు రోజు సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. తెల్లారేసరికి మైదానం మడుగైంది, కార్యక్రమం హాల్లోకి మారింది. మైకువాడు స్పీకర్లు తెచ్చి సరిగ్గా రన్నింగ్ రూమ్ గోడకి ఆనించాడు. అటు వద్దని చెప్పాను. ప్లగ్గు అక్కడే ఉంది మేడమ్ అన్నాడు. మా ఆఫీసర్‌ని చూశాను. పెద్ద సాబ్ తర్వాత రతన్‌పూర్ వెళ్ళి అమ్మవారి దర్శనం చేసుకోవాలి, మాట్లాడేది రెండు ముక్కలే, ఈ మాత్రం దానికి ఏమీ కాదు అన్నారు.

పెద్ద సాబ్ చెప్పిన వేళకే వచ్చారు. ట్రాఫిక్ విభాగంలో పెరిగిన మనిషి. ట్రాఫిక్ అంటే బండ్లని కదిలించే విభాగం, సిగ్నళ్ళూ జెండాలూ వాళ్ళకి ఇంటి భాష. దీపం వెలిగించారు, నేను పళ్ళెంలో పూలదండ అందించాను. ఆడవాళ్ళు తెల్లచీరల్లో, తెల్ల కుర్తాల్లో వరసలు కట్టి నిలబడి ఉన్నారు. నూకరత్నం అందరికీ ముందు, వేదిక వైపు తిరిగి ఉంది. అతిథికి నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ చేసుకోవాలి కాబట్టి, జెండాలు రెండూ వేదిక అంచున ఉన్న బల్ల మీద పెట్టింది.

పెద్ద సాబ్ కళ్ళు వాటి మీద పడ్డాయి. బల్ల మీద పచ్చ జెండా, ఎర్ర జెండా. రైల్వేలో అంత పైకి వచ్చిన మనిషి బల్ల మీద జెండాలు చూస్తే ఒకటే అనుకుంటాడు: ఇవి నా కోసమే. కొత్త బండి అయినా, పరుగు పందెం అయినా, ఆఖరికి మొక్కలు నాటే కార్యక్రమం అయినా జెండా ఊపి మొదలుపెట్టించడం ఆయన జీవితంలో వారానికోసారి జరిగే పని. "అరే వాహ్, మంచి ఆలోచన," అని మా ఆఫీసర్ భుజం తట్టి, ఎర్ర జెండా చుట్టి ఎడమచేత పట్టుకుని, పచ్చది గాల్లో ఊపారు.

హాలంతా ఒక్కసారిగా చేతులు పైకెత్తి మునివేళ్ళ మీద లేచింది.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకోసారి ఊపారు. అందరూ కుడికాలు మడిచి, పాదం ఎడమ తొడకి ఆనించి, చేతులు తల మీద జోడించి వృక్షాసనంలోకి వెళ్ళారు. ఇలాంటి క్రమశిక్షణ ఆయన పరేడ్‌లో కూడా చూసి ఉండరు. తృప్తిగా పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకున్నారు. మైకు పట్టుకోవడానికి చెయ్యి కావాలి కదా, ఎర్ర జెండాని తీసుకెళ్ళి పూలకుండీలో గుచ్చారు. అది విచ్చుకుని వాళ్ళందరి ఎదురుగా నిలబడింది. ఆయన ప్రసంగం మొదలుపెట్టారు.

జరిగిందేమిటో నాకు వెంటనే తెలిసింది. నూకరత్నానికీ తెలిసింది, ఆవిడ కూడా ఒంటికాలి మీదే ఉంది. కానీ ఎర్ర జెండా ఎదురుగా ఉండగా కదలమని ఆ హాల్లో ఎవరికి చెప్పగలం? బయటివాళ్ళకి ఇది పిచ్చిలా కనిపిస్తుంది. వీళ్ళ ఇళ్ళలో మగవాళ్ళకి ఎర్ర సిగ్నల్ దాటడం కన్నా పెద్ద భయం లేదు. ఇంజను ఒక్క గజం ముందుకు పోయినా ఉద్యోగం ఊడుతుంది. ఆ ఇళ్ళలో పిల్లలకి నడక కన్నా ముందు ఎర్ర రంగు నేర్పుతారు. వాళ్ళు కాలు దించరు, అంతే.

పెద్ద సాబ్ తన చిన్నప్పటి సంగతులతో మొదలుపెట్టి, తాతగారి శీర్షాసనం దాకా వచ్చారు. నేను ఎన్నో ప్రసంగాలకి కుర్చీలు వేయించాను, ఏ ప్రసంగాన్నీ శ్రోతలు ఇంత కదలకుండా వినలేదు. ఆయనకీ అదే అనిపించింది కాబోలు, ఉత్సాహం పెరిగింది. ఈ తల్లుల ఏకాగ్రత చూడండి, ఒక్కరైనా అటూ ఇటూ చూస్తున్నారా అంటూ మా ఆఫీసర్ వైపు తిరిగారు. ఆ ఏకాగ్రత గురించే ఇంకో కథ అందుకున్నారు. మా ఆఫీసర్ గడియారం చూసుకున్నారు. వేదిక మీద అంతకన్నా చెయ్యగలిగింది ఏ ఆఫీసరుకీ లేదు.

రెండో వరసలో కల్పన మోకాలు వణకడం చూశాను. ఎడమ పక్కనున్న లింగియాడీహ్ ఆవిడ తల తిప్పకుండానే చెయ్యి దించి కల్పన భుజం మీద వేసింది. కల్పన చెయ్యి ఆవిడ భుజం మీదికి పోయింది. వెనకావిడ ఇంకొకరిని పట్టుకుంది. చూస్తుండగానే వరస వరసంతా భుజాల మీదుగా ఒకరికొకరు అల్లుకుపోయారు. ఒకరు ఊగితే వరసంతా ఊగుతోంది, మళ్ళీ నిలదొక్కుకుంటోంది. ఎవరి కాలూ కిందికి రాలేదు. నాకు నవ్వొచ్చింది, గర్వమూ వచ్చింది, భయమూ వేసింది. పళ్ళెం కింద పెట్టి, ప్రోటోకాల్ సంగతి తర్వాత చూసుకోవచ్చని వేదిక వైపు నడిచాను.

నేను సగం దూరంలో ఉండగానే పక్క తలుపు తెరుచుకుంది. లుంగీ, బనీను, భుజాన తువ్వాలు, ఎర్రబడ్డ కళ్ళు. రన్నింగ్ రూమ్‌లో పడుకున్న లోకో పైలట్, రాత్రంతా బొగ్గు బండి నడుపుకుని వచ్చినవాడు. వేదిక వైపు చూడనేలేదు. ఎదురుగా కనపడ్డ నన్ను పట్టుకుని హిందీలో అడిగాడు, అదీ పెద్ద సాబ్ ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో, హాలంతా వినపడేలా:

"మేడమ్, ఈ మైకు ఎవరిది? నేను నెలకి ఎన్నోసార్లు ఇక్కడ పడుకుంటాను, పక్కన ఆడవాళ్ళు యోగా చేస్తారట, ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు. ఇవాళ పొద్దున్నే ఈ గోల ఎవరు మొదలుపెట్టారు?"

మా ఆఫీసర్ ముఖంలో రక్తం లేదు. పెద్ద సాబ్ మైకు ముందు అలాగే నిలబడిపోయారు. లోకో పైలట్ అప్పుడు తల తిప్పి వేదికని చూశాడు, చూసి లుంగీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద సాబ్ నెమ్మదిగా ఆడవాళ్ళ వైపు తిరిగి, ప్రసంగం ఆగిపోయింది కదా అమ్మా, మీరింకా ఎందుకు ఒంటికాలి మీద ఉన్నారు అని అడిగారు.

నూకరత్నం కళ్ళతో పూలకుండీ వైపు చూపించింది. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు రెండో వరసలోంచి కల్పన, చెమటలు కారుతున్న ముఖంతో, చాలా మర్యాదగా చెప్పింది: "సర్, సిగ్నల్ లాల్ హై నా."

ఆయన ఎర్ర జెండాని చూశారు. చంకలో ఉన్న పచ్చ జెండాని చూసుకున్నారు. ముందు మైకు స్విచ్చి తనే ఆపేశారు. తర్వాత ఎర్ర జెండాని కుండీలోంచి తీసి చుట్టి బల్ల మీద పెట్టి, పచ్చ జెండా విప్పి, చెయ్యి పూర్తిగా చాచి, నియమం ప్రకారం అందరికీ కనపడేలా ఊపారు. కాళ్ళన్నీ ఒక్కసారి నేల మీదికి వచ్చాయి. అందరూ ఒక్కటిగా ఊపిరి వదిలారు. ఆ హాల్లో వాళ్ళ వైపు నుంచి నేను విన్న అతిపెద్ద శబ్దం అదే, ఫ్యాను వేసినంత.

ఆ తర్వాత నవ్వు మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. జెండా అక్కర్లేకుండానే, నోళ్ళు తెరిచి, పొట్టలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి, చప్పుడు లేకుండా. పెద్ద సాబ్ కొంచెంసేపు బిత్తరపోయి చూశారు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. గట్టిగా నవ్వబోయి, పక్క గోడ వైపు చూసి, చేత్తో నోరు మూసుకున్నారు. లోకో పైలట్ కూడా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

రతన్‌పూర్ ప్రయాణం ఆలస్యమైనా ఆయన వెంటనే బయల్దేరలేదు. లోకో పైలట్‌ని పక్కకి పిలిచి, గొంతు బాగా తగ్గించి, నిద్ర చెడగొట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నారు. తర్వాత అక్కడే ఫైలు అడిగారు. నా నివేదిక మీద మా ఆఫీసర్ అప్పటిదాకా పెట్టని సంతకం అప్పుడు పెట్టారు. ఆ పైన పెద్ద సాబ్ ఆదేశం రాశారు: పొద్దుటి పూట హాలు మహిళల యోగాకే ఉండాలి, ఈ హాల్లో ఏ సమయంలోనూ మైకు వాడరాదు. రెండో ముక్క పెళ్ళిళ్ళవాళ్ళకి గిట్టలేదు. డీజే లేని పెళ్ళేమిటని ఇప్పటికీ నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

నూకరత్నం తన జెండాలు తను తీసుకుని, దులిపి, చంకలో పెట్టుకుంది. "పెద్దాయన జెండా బాగా ఊపినాడు గానీ, ఎక్కడ ఆపాలో ఇంకా నేర్పాల వదినా," అంది. రేపు బేగి రమ్మని అందరికీ సైగ చేసింది.

ఆ తర్వాత నాకు మిగిలిన కొద్ది నెలల ఉద్యోగంలో నేను పనిచేసే తీరు మార్చుకున్నాను. వినేవాళ్ళకి నమ్మకం కుదరని సంగతిని ఎంత జాగ్రత్తగా రాసి పంపినా, అది కాగితంగానే తిరిగొస్తుంది. దాన్ని తేల్చాల్సిన మనిషిని అది జరిగే చోటికి, జరిగే వేళకి తీసుకెళ్ళాలి. క్వార్టర్ కప్పు కారుతోందని ఎవరైనా అంటే రాయడం మానేసి, వాన పడుతున్నప్పుడు ఇంజనీర్‌ని ఆ ఇంటికి టీకి పిలిపించేదాన్ని. నా నివేదికలు పొట్టివయ్యాయి, పనులు త్వరగా అయ్యాయి.

ఇప్పుడు నాది ఆ హాల్లో రెండో వరస, కల్పన పక్కన. ఎర్ర జెండా పడితే పెన్షనర్లకి మినహాయింపు లేదు. గోడవతల ఎవరో నిద్రపోతూ ఉంటారు. ఇవతల మేం గుండెల నిండా ఊపిరి తీసుకుంటూ ఉంటాం.